ఓడల పట్టికలో లేని గడి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ నియమాల పుస్తకాల్లో ఓడలకి ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఆరే రకాలు: తెడ్ల పడవ, కీల్‌బోట్, లాంగ్‌షిప్, తెరచాప ఓడ, యుద్ధనౌక, గ్యాలీ. ఒక్కోదానికీ ఖరీదెంత, గంటకి ఎన్ని మైళ్ళు పోతుంది, ఎంతమంది నడపాలి, ఎన్ని టన్నుల సరుకు పడుతుంది, ఎంత దెబ్బ తింటే మునుగుతుంది, అన్నీ అంకెల్లో ఇచ్చేశారు. తెరచాప ఓడ 10,000 బంగారు నాణేలు, 20 మంది సిబ్బంది, గంటకి 2 మైళ్ళు. గ్యాలీ 30,000 నాణేలు, 80 మంది సిబ్బంది, గంటకి 4 మైళ్ళు. అంటే డబ్బు మూడింతలు, మనుషులు నాలుగింతలు పెడితే వేగం రెండింతలు అవుతుందన్నమాట. సర్వర్లు పెంచితే సైటు ఎంత వేగంగా తెరుచుకుంటుందో లెక్కేసే ఉద్యోగం నాది. ఇలాంటి పట్టిక కనిపిస్తే వదలబుద్ధి కాదు.

మేం నలుగురు స్నేహితులం నెలకో ఆదివారం ఈ ఆట ఆడతాం. కథ నడిపే బాధ్యత నాది. మా కథ సముద్రం మీదకి మళ్ళినప్పుడు ఆ ఆరు రకాలూ చాలక, చదివిన ఫాంటసీ నవలల్లో ఉన్న ఓడలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పేరు, రకం, తెరచాపలు, తెడ్లు, వేగం, ప్రత్యేక గుణాలు. ఒక నలభై వరసలు అయ్యేసరికి ఒక సంగతి బయటపడింది. నాకు బాగా నచ్చిన ఓడల దగ్గర "వేగం" గడి ఖాళీగా ఉంది. రచయితలు అసలు చెప్పనే లేదు. నచ్చనివాటి దగ్గర అన్ని గడులూ నిండి ఉన్నాయి.

ఆ గ్యాలీ మళ్ళీ చూడండి. 80 మంది సిబ్బంది. గ్యాలీ అంటే ముఖ్యంగా తెడ్లతో నడిచేది కాబట్టి ఆ 80 మందిలో ఎక్కువమంది తెడ్లు వేసేవాళ్ళే. వాళ్ళెవరు? కూలి తీసుకునేవాళ్ళా, ఖైదీలా, కొనుక్కొచ్చిన మనుషులా? 30,000 నాణేల్లో వాళ్ళ ఖరీదు కూడా కలిసే ఉందా? పట్టికలో ఆ గడి లేదు. అదేమీ తప్పు కాదు, అది ఆట పుస్తకం. కాని నేను చదివిన మంచి ఓడ కథలన్నీ ఆ లేని గడి గురించే రాసినవి అని నా అనుమానం. ఈ ఓడ కదలడానికి ఎవరు ఏం పెట్టారు, అది ఎప్పటికి తీరుతుంది. మా వాళ్ళు దీన్ని టెక్నికల్ డెట్ అంటారు. మనం ఇంట్లో వాడే మాట బాకీ.

అదే ఆటలో 1989లో స్పెల్‌జామర్ అని ఒక శాఖ వచ్చింది. అందులో ఓడలు ఒక లోకం నుంచి ఇంకో లోకానికి ఆకాశంలో ఎగురుతాయి. సుత్తి తల సొరచేపలా ఉండేది ఒకటి, నత్తగుల్లలా ఉండేది ఇంకొకటి. బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది. కాని ఒక్క నియమం గట్టిగా పెట్టారు. ఓడ ఎగరాలంటే ఒక మాంత్రికుడు దాని కుర్చీలో కూర్చోవాలి, కూర్చుంటే ఆ రోజుకి అతని మంత్రాలన్నీ పోతాయి. నత్తగుల్ల ఓడని నేను నమ్మింది ఆ ఒక్క వాక్యం వల్లే.

సి. ఎస్. లూయిస్ రాసిన "ది వాయేజ్ ఆఫ్ ది డాన్ ట్రెడర్" (1952) పిల్లల పుస్తకం. అందులో ఓడ చిన్నది. ముందు బంగారు డ్రాగన్ తల, ఊదా రంగు తెరచాప, ఒకే ఒక్క కొయ్య. మన లోకం నుంచి అనుకోకుండా అందులో వచ్చిపడ్డ యూస్టస్ అనే కుర్రాడు మా లోకంలో ఎంతెంత పెద్ద ఓడలున్నాయో తెలుసా అని దాన్ని ఈసడిస్తాడు. వాడు చెప్పేదంతా నిజమే. అంకెల్లో చూస్తే డాన్ ట్రెడర్ దేనికీ పనికిరాదు. తర్వాత రోజుల తరబడి తుఫాను వచ్చి తెరచాప కొయ్య విరుగుతుంది, గాలి పడిపోతుంది, నీళ్ళ పీపాలు తరిగిపోతాయి. రాజుకీ ఇంతే, నావికుడికీ ఇంతే అని నీళ్ళు కొలిచి పోస్తారు. రాత్రిపూట యూస్టస్ ఆ నీళ్ళ దగ్గర దొంగతనంగా దొరికిపోతాడు. ఆ పుస్తకంలో వింత దీవులు చాలా ఉన్నాయి, నాకు వరసకూడా సరిగ్గా గుర్తులేదు. నీళ్ళు కొలిచిన ఆ కొలత మాత్రం మర్చిపోలేదు.

అయితే గాలి గురించి అర్థం కావాలంటే ఉర్సులా లెగ్విన్ దగ్గరికి వెళ్ళాలి. ఆమె ఎర్త్‌సీ లోకం మొత్తం దీవులే. భూమికంటే నీళ్ళే ఎక్కువ. అక్కడ ఓడ లేకపోతే పక్క ఊరే లేదు. పెద్ద ఓడల్లో గాలిని మళ్ళించే మాంత్రికుణ్ణి జీతానికి పెట్టుకుంటారు, మన ఓడల్లో ఇంజనీరున్నట్టు. ఇక్కడిదాకా ఎవరైనా రాయగలరు. లెగ్విన్ చేసిందేమిటంటే ఆ గాలికి బిల్లు వేసింది. ఒక చోట వాన రప్పిస్తే ఇంకో చోట కరువు రావచ్చు. ఇక్కడ అలలు ఆపితే ఎక్కడో తుఫాను పుడుతుంది. గాలి పైనుంచి ఊడిపడేది కాదు, ఇంకొకళ్ళ తెరచాపలోంచి లాక్కున్నది. అందుకని ఆ లోకంలో నిజంగా పెద్ద మాంత్రికులు మామూలు గాలితోనే వెళ్తారు, గాలి లేకపోతే ఆగుతారు. మంత్రం కొత్తగా నేర్చినవాడు మాత్రం ప్రతిదానికీ గాలిని పిలుస్తాడు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ప్రతి చిన్న పనికీ క్లౌడ్‌లో పెద్ద మెషీన్ అద్దెకి తీసుకున్నట్టు.

మొదటి నవల "ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ" 1968లో వచ్చింది. దాన్ని పడవల వరసగా కూడా చదవొచ్చు. గెడ్ మాంత్రిక విద్య కోసం రోక్ దీవికి వెళ్ళేది షాడో అనే వర్తకుల ఓడలో. నీడ అని ఓడకి పేరు! ఆ కుర్రాడే తర్వాత తన అహంకారం కొద్దీ ఒక నీడని లోకంలోకి వదులుతాడు, నవలంతా దానితోనే. చదువయ్యాక అతన్ని పల్లెకారులుండే ఒక చిన్న దీవికి పంపుతారు. అక్కడ పడవలు చేసే ఒకాయనతో స్నేహం కుదిరి, పడవ కట్టడం నేర్చుకుంటాడు. ఆయనకి చెక్క తెలుసు, ఇతనికి మంత్రం తెలుసు. తర్వాత ఇంకోసారి ఉత్తరాన ఓస్కిల్‌కి పోయే ఓడలో తానూ తెడ్డు పట్టుకుని కూర్చుంటాడు. అంత పెద్ద మాంత్రికుడు బల్ల మీద కూర్చుని తెడ్డు వెయ్యడం రాసిన ఫాంటసీ నవలలు నాకు ఎక్కువ తగల్లేదు. ఆ తర్వాత కొట్టుకొచ్చిన చెక్కముక్కలకి మంత్రంతో ముడివేసి ఒక పడవ చేస్తాడు. అది మంత్రం ఉన్నంతసేపే పడవ. ధ్యాస తప్పితే మళ్ళీ చెక్కముక్కలు. ప్రొడక్షన్‌లో అలాంటి పడవలు నేను చాలా చూశాను.

ఆ పడవ ఇచ్చి, దాని బదులు ఒక ముసలి జాలరి దగ్గర మంచి పడవ తీసుకుంటాడు. సమానమైన బేరం కాదు కాబట్టి ఆ ముసలాయన కళ్ళకి పట్టిన పొరలు తీసేసి చూపు ఇస్తాడు. ముసలాయన సంతోషపడి, దీనికి లుక్‌ఫార్ అని పేరు పెట్టు, ముందువైపు రెండు కళ్ళు గియ్యి, రాళ్ళూ రప్పలూ తగలకుండా అవి నీకోసం చూస్తూ ఉంటాయి అంటాడు. దూరపుచూపు అనుకోవచ్చు మనం. పడవకి కళ్ళు గియ్యడం లెగ్విన్ కల్పించింది కాదు. ప్రాచీన గ్రీకు ఓడలకి కళ్ళుండేవి, మాల్టా జాలర్ల పడవలకీ, వియత్నాం పడవలకీ ఇప్పటికీ ఉంటాయి. మనం కొత్త బండి కొంటే పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించమా? మా ఆఫీసులో దసరాకి సర్వర్ ర్యాక్‌కి కూడా బొట్టు పెడతారు. కాని లుక్‌ఫార్ కళ్ళ దగ్గర ఒక తేడా ఉంది. అవి ఆచారం కోసం గీసినవి కావు. ఒక మనిషికి వచ్చిన చూపుకి బదులుగా వచ్చినవి. బాకీ తీరిపోయిన ఓడ, నా షీట్‌లో బహుశా అదొక్కటే.

మూడో నవల "ది ఫార్తెస్ట్ షోర్"లో (1972) గ్యాలీ కూడా వస్తుంది. గెడ్‌తో వచ్చిన రాకుమారుడు ఆరెన్‌ని బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయి గొలుసులతో ఓడలో పడేస్తారు. పట్టికలో లేని గడిలోకి మనల్ని దింపి కూర్చోబెట్టినట్టుంటుంది. అదే నవల్లో ఇంకా దూరం పోతే తెప్పల మీదే పుట్టి, తెప్పల మీదే చనిపోయే జనం కనిపిస్తారు. ఏడాదికొకసారి తెప్పలు బాగుచేసుకోడానికి తప్ప నేల తొక్కరు. వాళ్ళకి ఓడంటే ఎక్కడికో వెళ్ళే సాధనం కాదు, ఊరు.

ఇక కలప.

"గేమ్ ఆఫ్ థ్రోన్స్" సీరియల్లో ఐరన్ ఐలాండ్స్‌లో ఒకాయన గద్దెనెక్కిన రోజే వెయ్యి ఓడలు కట్టమంటాడు. ఆ దీవులు చూస్తే రాళ్ళూ, పాచీ తప్ప చెట్టు కనపడదు. తర్వాత సీజన్లో ఓడలు తయారు! నా స్నేహితుల్లో ఒకడికి ఆ సీరియల్ ప్రాణం, ఈ మాట అంటే ఇప్పటికీ గొడవపడతాడు. డ్రాగన్లని నమ్మినవాడివి చెక్కని నమ్మలేవా అని వాడి వాదన. నమ్మలేను. డ్రాగన్ని నమ్మమని రచయిత ముందే అడిగాడు, ఒప్పుకున్నాను. చెక్క సంగతి అడగలేదు.

టోల్కీన్ అలా కాదు, చెట్టు చెట్టుకీ లెక్క రాసుకునే మనిషి. "సిల్మరిలియన్"లో టెలెరి జాతి ఎల్ఫులకి హంసల్లాంటి తెల్లటి ఓడలుంటాయి. ఫెయనోర్ వచ్చి ఇమ్మంటే వాళ్ళ రాజు ఒప్పుకోడు. మీకు మీ మణులెలాంటివో మాకు ఇవి అలాంటివి, మళ్ళీ ఇలాంటివి చెయ్యలేం అన్నది అతని సమాధానం. ఫెయనోర్ మనుషులు వాళ్ళని చంపి ఓడలు తీసుకుపోతారు, అవతలి ఒడ్డున వాటిని తగలబెడతారు. ఎల్ఫుల చేతుల్లో ఎల్ఫులు చచ్చింది అదే మొదటిసారి, అదీ ఓడల కోసం. ఇది చాలామందికి తెలిసిన కథే.

అంతగా తెలియనిది, టోల్కీన్ పోయాక 1980లో వచ్చిన "అన్‌ఫినిష్డ్ టేల్స్"లో ఉంది. ఆల్డారియన్, ఎరెండిస్ కథ. ఆయన పూర్తి చెయ్యలేదు. నా లెక్కలో ఓడల మీద ఫాంటసీలో ఇంతకంటే గొప్ప కథ లేదు. అందులో యుద్ధం లేదు, రాక్షసులు లేరు. ఒక భార్యాభర్తలున్నారు.

న్యూమెనోర్ అనే ద్వీపరాజ్యానికి ఆల్డారియన్ యువరాజు. సముద్రం అంటే పిచ్చి. ఏళ్ళకేళ్ళు ఓడల మీదే ఉంటాడు. ఎరెండిస్‌కి చెట్లంటే ప్రాణం. ఓడలు కట్టాలంటే చెట్లు కొట్టాలి. పెళ్ళికి ముందే తెలుసు ఇద్దరికీ. ఆల్డారియన్ చెట్లు నాటిస్తాడు కూడా, అడవులకి అడవులు. కాని అవి రేపటి ఓడల కోసం నాటినవి. ఆ సంగతి ఎరెండిస్‌కి తెలుసు, తెలిసినదాన్ని ఎలా మర్చిపోతుంది? నాటిన ప్రతి మొక్కలోనూ ఆమెకి ఓడ దూలమే కనిపిస్తుంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఓడ బయల్దేరేముందు ఆ నావికుడి ఇంటి ఆడమనిషి వచ్చి ఎప్పుడూ వాడని ఒక చెట్టు కొమ్మని ఓడ ముందు కొసన కట్టాలి. క్షేమంగా తిరిగి రమ్మని. ఒకసారి తండ్రి కోపంతో, తన ఇంటివాళ్ళెవరూ ఆ కొమ్మ ఇవ్వడానికి వీల్లేదని ఆంక్ష పెడితే, ఎరెండిస్సే కొమ్మ పట్టుకుని రేవుకి వస్తుంది. అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. అప్పుడే అతను ఆమెని సరిగ్గా చూసింది. పెళ్ళయ్యాక కూతురికి నాలుగేళ్ళప్పుడు రెండేళ్ళలో వచ్చేస్తానని చెప్పి వెళ్తాడు. ఐదేళ్ళకి వస్తాడు. ఈలోగా ఎరెండిస్ సముద్రం చప్పుడు వినపడనంత లోపలికి, గొర్రెల మంద ఉన్న పల్లెకి వెళ్ళిపోయి, మగవాళ్ళెవరూ లేని ఇంట్లో కూతుర్ని పెంచుతుంది. అతను తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరినప్పుడు ఓడకి కొమ్మ ఉండదు. దాని స్థానంలో ఒక గద్ద బొమ్మ ఉంటుంది. బంగారు ముక్కు, రత్నాల కళ్ళు. ఎల్ఫుల ఓడల మేస్త్రీ కిర్డాన్ ఇచ్చిన కానుక. ఇవీ కళ్ళే, లుక్‌ఫార్‌వీ కళ్ళే. ఈ కళ్ళు ఇంటివైపు చూడవు.

ఇక్కడ నాకు మా నానమ్మ చెప్పిన సంగతి ఒకటి రాయక తప్పదు. మాది శ్రీకాకుళం వైపు. ఒకప్పుడు అక్కడి నుంచి వేలమంది బర్మాకి పనికి పోయేవారు. రంగూన్‌ని మా వాళ్ళు రంగం అనేవారు. విశాఖపట్నం, కాకినాడ, గోపాల్‌పూర్ రేవుల్లో స్టీమరు ఎక్కి పైడెక్కు మీదే చాపలు పరుచుకుని వెళ్ళేవాళ్ళు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు, టిక్కెట్టు డబ్బు కూడా అతనే పెట్టేవాడు. ఆ బాకీ తీరేదాకా అక్కడ అతను చెప్పిన పని చెయ్యాలి. మా నానమ్మ వాళ్ళ నాన్న అలా వెళ్ళినవాడే. చెల్లెలి పెళ్ళికి మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్నాడు. రెండు సంక్రాంతులకి వస్తానన్నాడట, ఏడు పోయాక వచ్చాడు. ఒక నల్ల గొడుగు, పువ్వుల బొమ్మలున్న రేకు పెట్టె తెచ్చాడు. నానమ్మ అప్పటిదాకా తండ్రిని చూళ్ళేదు, ఆయన గుమ్మంలోకి రాగానే గాదె వెనకాల దాక్కుందట.

నేను చిన్నప్పుడు అడిగాను, మీ అమ్మ ఏమందే ఆయనొస్తే అని. "ఏటంటాది బాబూ, కూడెట్టింది" అంది. కాసేపాగి ఇంకో మాట చెప్పింది. "మాయమ్మ సచ్చిపోయీదాకా సంద్రం కాసి సూసీది కాదు. కార్తీకమాసం తానాలకి ఎల్లినా ఒడ్డుకి ఈపెట్టి కూకునీది." టోల్కీన్ పేరు మా నానమ్మకి తెలియదు. నేను ఎరెండిస్ కథ చదివింది ఇంజనీరింగ్ అయిపోయాక, బెంగళూరులో ఒక పీజీ గదిలో. ఆమె గొర్రెల పల్లెకి వెళ్ళిపోయే పేజీ దగ్గర పుస్తకం మూసి నానమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. అన్నం తిన్నావా అని అడిగి ఉంటుంది.

టోల్కీన్ ఈ కథలో ఎవరి పక్షమూ తీసుకోడు. ఆల్డారియన్ ఉత్తినే తిరగలేదు. అవతలి నేల మీద చెడ్డకాలం వస్తోందని ఎల్ఫుల రాజు గిల్-గలాద్ రాసిన ఉత్తరం మోసుకొచ్చేది అతనే. అతని ఓడలు లేకపోతే తర్వాతి కాలంలో లోకానికి సాయం అందేది కాదు. ఆ ఉత్తరం చదివిన తండ్రి తన దండం దించి కొడుక్కి ఇచ్చేస్తాడు. అదే ఆల్డారియన్ అవతలి ఒడ్డున ఓడల కోసం ఒక రేవు కట్టి, నది పొడవునా చెట్లు కొట్టించడం మొదలుపెడతాడు. అక్కడి అడవుల్లో బతికే జనం తిరగబడతారు. వేల ఏళ్ళు గడిచాక, "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" కాలానికి ఆ ప్రాంతాలు చెట్లు లేని బీళ్ళు. పెద్ద నవల చదివేటప్పుడు అక్కడెందుకు చెట్లు లేవని ఎవరూ అడగరు. ఆయన మాత్రం ఎక్కడో ఒక నోట్సులో కారణం రాసి పెట్టుకున్నాడు: ఓడలు. మరి ఎరెండిస్? ముసలితనంలో అతని ఓడ కోసం రేవుకి వచ్చి నీళ్ళల్లో పోయిందని ఒక్క వాక్యం ఉంది. అంతే, కథ అక్కడితో ఆగిపోయింది. ఆయన పూర్తిచేసి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపించలేదు.

బాకీని బాకీ అనే పిలిచిన రచయిత్రి రాబిన్ హాబ్. 1998 నుంచి 2000 దాకా వచ్చిన ఆమె లైవ్‌షిప్ ట్రేడర్స్ నవలలు మూడు. (ఇక్కడినుంచి గుట్టు విప్పుతున్నాను. చదవాలనుకునేవాళ్ళు రెండు పేరాలు దాటెయ్యండి.) బింగ్‌టౌన్ అనే రేవుపట్నంలో పాత వర్తక కుటుంబాలకి ప్రాణమున్న ఓడలుంటాయి. విజార్డ్‌వుడ్ అనే అరుదైన కలపతో చేసినవి. ఒకే కుటుంబంలో మూడు తరాల మనుషులు ఆ ఓడ మీద చనిపోతే ఓడకి మెలకువ వస్తుంది. ముందున్న చెక్కబొమ్మ కళ్ళు తెరిచి మాట్లాడుతుంది. ఆ ఓడ కొనడానికి చేసిన అప్పు తరతరాలు తీరదు. బంగారం కట్టలేకపోతే ఇంటి పిల్లనో పిల్లాణ్ణో ఇవ్వాలి. అది పత్రంలో రాసుకున్న షరతు. ఈ షరతు దగ్గర నాకు మేస్త్రీ బయానా గుర్తురాకుండా ఎలా ఉంటుంది?

వివేసియా అనే ఓడ మేల్కోగానే అదే ఇంటి అల్లుడు దాన్ని బానిసల్ని మోసే ఓడగా మారుస్తాడు. బాకీ త్వరగా తీర్చాలని. ఆలోచించండి, ఆ ఓడకి తన మీద జరిగేదంతా తెలుస్తుంది. కింద గొలుసుల్లో ఉన్నవాళ్ళ భయం దాని చెక్కలోకి ఇంకుతుంది. ఆట పుస్తకంలో సిబ్బంది 80 అని రాసి వదిలేసిన గడికి ఇక్కడ నోరొచ్చింది. ఇంకో ఓడ ఉంది, పారగాన్. ఎక్కించుకున్నవాళ్ళని చంపిందని చెడ్డపేరు. ఒక సముద్రపు దొంగ దాని బొమ్మ కళ్ళని గొడ్డలితో నరికించాడు. గుడ్డి ఓడని ఇసకలోకి లాగి పడేస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఒంటరిగా పడి ఉంటుంది, పసిపిల్లాడిలా మంకుపడుతూ. మూడో నవల్లో ఒక శిల్పి దానికి కొత్త ముఖం చెక్కుతుంది. ఇక అసలు గుట్టు. ఆ కలప చెట్ల నుంచి వచ్చినది కాదు. ఆ దూలాలు డ్రాగన్ల గూళ్ళు. పట్టుపురుగు గూడులాంటివి. లోపలున్న ప్రాణిని బయటకి దొర్లించి, గూడుని పలకలు కోసి ఓడ చేశారు. ఓడలో మేల్కొనేది మూడు తరాల మనుషుల జ్ఞాపకాలతో పాటు పుట్టకుండానే పోయిన ఆ ప్రాణి కూడా. పట్టుచీర ఎలా వస్తుందో తెలిసినవాళ్ళకి ఈ భాగం ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది.

హాబ్ వాక్యం కొంచెం సాగదీస్తుంది. మూడూ కలిపి రెండు వేల పేజీలు దాటుతాయి. నాలుగైదు వందలు కోసెయ్యొచ్చు. లెగ్విన్ పడవకి కళ్ళు గియ్యడానికి ఒక పేజీ చాలింది. కాని బాకీ కథకి సాగదీత కొంత అవసరమేమో కూడా. మూడు తరాల అప్పుని ముప్ఫై పేజీల్లో చెబితే అది తీరిపోయినట్టే ఉంటుంది.

నా షీట్‌లో "వేగం" గడి ఇప్పుడు తీసేశాను. ఆటలో వేగం కావాల్సినప్పుడు పాచికలు వేస్తాం, ఏ గొడవా లేదు. దాని స్థానంలో రెండు గడులు పెట్టాను: "ఎవరు కట్టారు", "ఎవరు మిగిలారు". మొదటి దానికి మా వాళ్ళు ఒప్పుకున్నారు. రెండో దాని గురించి మాత్రం మా సీరియల్ వీరుడు, ఓడెక్కినవాళ్ళ ఆట ఇది, ఒడ్డున ఉన్నవాళ్ళతో పనేంటి అని పోయినసారి అరగంట వాదించాడు. వచ్చే ఆటలో వాడి పాత్ర రేవు వదిలేముందు ఓడకి కొమ్మ కట్టాల్సిన మనిషిని వెతుక్కోవాలి. ఇంకా చెప్పలేదు వాడికి.

లుక్‌ఫార్ సంగతి ఒకటి మిగిలింది. "ది ఫార్తెస్ట్ షోర్" చివర గెడ్, ఆరెన్ లోకం పడమటి అంచున ఉన్న సెలిడోర్ దీవిలో దిగుతారు. పడవని ఇసక మీదకి లాగి, నడుచుకుంటూ అవతలి ఒడ్డుకి పోతారు. అక్కడినుంచి తిరుగు ప్రయాణం డ్రాగన్ వీపు మీద. పడవ అక్కడే ఉండిపోయింది. పాటల్లో ఇంకోలా చెబుతారని లెగ్విన్ రాసింది: గెడ్ పిలిస్తే పాతబడ్డ లుక్‌ఫార్ తనంతట తనే వచ్చిందని, తెరచాప లేకుండా, తెడ్డు లేకుండా అతన్ని ఎక్కించుకుని పడమటికి వెళ్ళిపోయిందని. వెంటనే, గాంట్ దీవిలో మాత్రం వేరే కథ చెబుతారని కూడా రాసింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత 1990లో వచ్చిన "టెహాను"లో ఆమె నమ్మింది ఆ రెండో కథనే. అందులో గెడ్ శక్తులన్నీ పోయి గాంట్ కొండల్లో మేకలు కాస్తుంటాడు. ఒక ముసలి జాలరి అడిగి గీయించిన రెండు కళ్ళు అప్పటికి సెలిడోర్ ఇసకలో, మనుషులెవరూ లేని ఒడ్డున, ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో ఆ పుస్తకంలో లేదు.